'అరాజకవాదం' అని రాస్తే 'అరాచకం' అని దిద్దారు: బకూనిన్, క్రొపోట్కిన్ తదితరుల రచనల అనువాదం, వాటిని దాచుకోవడం

తిరువల్లిక్కేణి_వాసి
రష్యన్ అనార్కిస్టు బకూనిన్ రాసిన 'దేవుడు - రాజ్యం' నుంచి ఒక భాగాన్ని తెలుగు చేసి, చిన్న పరిచయ వ్యాసంతో కలిపి ఒక మాసపత్రికకు పంపాను. అచ్చయిన సంచిక నిన్న చేతికందింది. అనార్కిజానికి, అంటే ఏ పాలకులూ రాజ్యమూ వద్దనే సిద్ధాంతానికి, నేను 'అరాజకవాదం' అని రాసిన ప్రతిచోటా 'అరాచకవాదం' అని ఉంది. పాఠకులకు అలవాటైన మాట అదేనని వారు అనుకున్నారేమో, అంతవరకైతే సర్దుకునేవాణ్ణి. కానీ ఎవరో కంప్యూటరులో 'రాజక' అన్న మూడక్షరాలను వెతికించి, ఒక్క మీటతో అన్నింటినీ 'రాచక' అని మార్పించారు. దాంతో వ్యాసమంతటా 'రాజకీయం' కాస్తా 'రాచకీయం' అయి కూర్చుంది. రాజు లేని దేశం ఎంత అధ్వానంగా ఉంటుందో చెబుతూ రామాయణం అయోధ్యకాండ 67వ సర్గలో శ్లోకం వెంట శ్లోకం 'నారాజకే జనపదే' అని మొదలవుతుంది కదా, దాన్ని నేను ఉదాహరించాను. అది 'నారాచకే జనపదే' అని అచ్చయింది. నారాచం అంటే బాణం.

రెండో బాధ కూడా ఉంది. పదిహేనేళ్ల కిందట మేము నలుగురం కలిసి అదే బాటవారైన క్రొపోట్కిన్, మలటెస్టా వ్యాసాలు కొన్ని తెలుగు చేసి, పుటలు కూర్చే ప్రోగ్రామైన పేజ్‌మేకర్‌లో పెట్టుకున్నాం. ఇప్పుడా ఫైళ్లు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కొక్కేలూ కనిపిస్తున్నాయి. ఏ మాట పెట్టుకోవాలన్నదీ, పెట్టుకున్న మాటను ఇరవై ఏళ్ల తర్వాత కూడా చదవగలిగేలా ఎలా దాచాలన్నదీ నాకు ఒకే ప్రశ్నలా తోస్తున్నాయి. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ప్రూఫుల_పంతులు
'రాచకీయం' అచ్చుతప్పని నేను ఒప్పుకోను. ఈ మధ్య మనం చూస్తున్నది అదే.

ఇక అసలు సంగతి. 'రాచ' అన్నది 'రాజ'కు తద్భవమే. రాచబాట, రాచకొలువు, రాచపుండు అన్నీ ఆ కోవలోవే. కాబట్టి వ్యుత్పత్తిని బట్టి చూస్తే మీ మాటకూ, వారు దిద్దిన మాటకూ తేడా లేదు, రెండింటికీ రాజు లేకపోవడమే అర్థం. తేడా అంతా వాడుకలో వచ్చింది. మన దినపత్రికల్లో 'అరాచక పాలన' అన్న శీర్షిక వారానికి రెండుసార్లయినా కనిపిస్తుంది. పాలకులే లేని స్థితికి పెట్టిన పేరును తీసుకుపోయి పాలకుల దౌర్జన్యానికి తగిలించిన ఘనత మనది.

మైలాపూరు_మామ్మ
కమ్యూనిజం, సోషలిజం అన్న మాటలను తెలుగు చేయకుండానే వందేళ్లుగా వాడుకుంటున్నాం, వాటి అర్థం కూలివారికీ తెలుసు. 'అనార్కిజం' అని రాస్తే పోయేదేముంది? అరాజకమంటే దొంగలు పడ్డారనుకునే పాఠకుడికి ముందు ఆ దొంగలను వెళ్లగొట్టి, తర్వాత క్రొపోట్కిన్‌ను పరిచయం చేయడం రెండింతల పని.

సందేహాలరావు
మామ్మగారితోనూ, వాసి గారితోనూ విభేదిస్తున్నాను. ఫ్రెంచి ఆలోచనాపరుడు ప్రూధోఁ 1840లో 'ఆస్తి అంటే ఏమిటి?' అన్న పుస్తకంలో తాను అనార్కిస్టునని చెప్పుకునేనాటికి ఫ్రెంచిలో ఆ మాట శుద్ధమైన తిట్టు. ప్రత్యర్థిని 'నువ్వు దేశాన్ని గందరగోళం చేసేవాడివి' అని దుయ్యబట్టడానికి వాడేవారు. ప్రూధోఁ ఆ తిట్టును ఏరి తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. చదువరి ఉలిక్కిపడాలనే ఆయన ఆ మాట ఎంచుకున్నాడు. మనం 'అరాజకవాదం' అని శాస్త్రీయంగా, మర్యాదగా రాస్తే ఆ ఉలికిపాటు పోతుంది. ఆ పత్రికవారు తెలియక చేసినా సరైన పనే చేశారు. 'రాచకీయం' సంగతి వేరు.

తిరువల్లిక్కేణి_వాసి
@సందేహాలరావు, ఈ కోణం నాకు తట్టలేదు. అయితే ప్రూధోఁ తిట్టును స్వీకరించిన తర్వాత దాని అర్థం మార్చడానికి పాతికేళ్లు రాస్తూనే ఉన్నాడు, కొన్నిచోట్ల 'అన్' (లేని), 'ఆర్కీ' (పాలన)ల మధ్య అడ్డగీత పెట్టి మరీ రాశాడు. ఆ అడ్డగీతకు తెలుగులో సాటి వచ్చేది 'అరాజక' అని నా నమ్మకం, ఎందుకంటే అందులో 'రాజు' కంటికి కనిపిస్తాడు.

ఇంకొకటి. రాజు లేని స్థితి గురించి మన దగ్గర రామాయణ సర్గ ఒక్కటే లేదు. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుతో, మొదట రాజ్యమూ లేదు, రాజూ లేడు, దండమూ లేదు, దండించేవాడూ లేడు, ప్రజలు ధర్మంతోనే పరస్పరం కాపాడుకున్నారు అంటాడు. శ్లోకంలో ఉన్న మాట 'పరస్పరం'. క్రొపోట్కిన్ 1902లో ప్రకటించిన గ్రంథానికి 'పరస్పర సహాయం' అని పేరు పెట్టేటప్పుడు నాకు ఆ శ్లోకమే చెవిలో మోగింది.

ఎర్రట్ట_పుస్తకం
భీష్ముణ్ణి అనార్కిస్టును చేయకండి. ఆ వెంటనే ప్రజలు మోహంలో పడి చెడిపోయారనీ, అందుకే దండనీతి అవసరమైందనీ చెప్పి, అంపశయ్య మీద పడుకుని అధ్యాయాలకొద్దీ రాజధర్మం బోధించింది ఆయనే. మా పార్టీ మిత్రులు ప్రతి పురాణంలోనూ ఆదిమ కమ్యూనిజం వెతికినట్టుంది మీ పద్ధతి.

పెరంబూరు_పద్మ
'ఆర్కీ' దగ్గరే ఆగిపోయారు. నన్ను అడిగితే అంతకంటే చిక్కు 'ఒతోరితే' అన్న మాటతో, ఇంగ్లీషులో అథారిటీ. వాసి గారు ఎంచుకున్న భాగంలోనే ఉంటుంది. నేను అధికారాన్నంతా తిరస్కరిస్తానా, అలాంటి ఆలోచనే నాకు లేదు, బూట్ల విషయం వస్తే బూట్లు కుట్టేవారి మాటకే తలవంచుతాను, ఇళ్లూ కాలువలూ రైలుమార్గాలూ అయితే ఇంజనీరును సంప్రదిస్తాను అన్న అర్థంలో బకూనిన్ రాసిన ఘట్టం. పోలీసుకు ఉన్నదీ, చెప్పులు కుట్టే మనిషికి ఉన్నదీ ఫ్రెంచిలో ఒకే మాట. ఆ రెండింటినీ ఒకే మాటతో పిలిచి, తర్వాత విడదీయడంలోనే ఆయన చమత్కారమంతా ఉంది. తెలుగులో పోలీసుకు ఉన్నది అధికారం, చెప్పులు కుట్టే మనిషికి ఉన్నది ప్రామాణ్యం. మన భాష ముందే విడదీసి పెట్టింది కాబట్టి ఆయన వాదం తెలుగులో మొదలు కాకముందే ముగిసిపోతుంది. వాసి గారూ, మీరేం చేశారు?

తిరువల్లిక్కేణి_వాసి
మొదటి వాక్యంలో 'అధికారం' అనీ, బూట్ల దగ్గరికి వచ్చేసరికి 'మాట చెల్లుబాటు' అనీ రాశాను. అది ఓటమి అని నాకు తెలుసు. మీరైతే ఏం రాసేవారు?

పెరంబూరు_పద్మ
రెండుచోట్లా 'పెత్తనం' అని రాసి చూశాను. 'బూట్ల విషయంలో బూట్లు కుట్టేవారి పెత్తనం ఒప్పుకుంటాను' అంటే తెలుగు చెవికి కొంచెం వెటకారంగా వినిపిస్తుంది, కానీ ఫ్రెంచిలోనూ ఆ వెటకారం ఉంది కదా.

ప్రూఫుల_పంతులు
'పెత్తనం' బాగుంది. పెద్దతనం నుంచి వచ్చిన మాట. ఇంటిపెద్ద, ఊరిపెద్ద, కులపెద్ద అందరూ ఆ ఒక్క మాటలో కూర్చుని ఉన్నారు. రాజ్యం కంటే ముందు మనవాళ్లకు తెలిసిన అధికారం అదే.

మైలాపూరు_మామ్మ
అక్కడే ఇంకొక ముల్లు ఉంది. పద్మ 'చెప్పులు కుట్టే మనిషి' అంది, జాగ్రత్తగానే అంది. మన పాత అనువాదకులైతే 'చెప్పులు కుట్టేవాడు' అని చటుక్కున రాసేసేవారు, ఇంజనీరును మాత్రం 'ఇంజనీరు గారు' అనేవారు. బకూనిన్ వాక్యంలో ఇద్దరూ ఒకే వరసలో నిలబడతారు. పైగా తోలుపనికి మన దగ్గర కులం ఉంది, స్విట్జర్లాండులో ఆ అర్థంలో లేదు. ఆ పనివాడి ముందు తలవంచుతానని ఒక రష్యన్ జమీందారు కొడుకు అనడం యూరప్‌లో ఒక చమత్కారం, తెలుగులో అది అంతకంటే చాలా పెద్ద మాట. దాన్ని పలచన చేయకూడదు.

సందేహాలరావు
మామ్మగారు వాడు, గారు దాకా తెచ్చారు కాబట్టి నా బాధ కూడా చెబుతాను. తెలుగులో క్రియ రాయాలంటే ముందు మనిషి అంతస్తు తేల్చాలి. బకూనిన్ అన్నాడు. సరే. అదే బాటలో నడిచిన ఎమ్మా గోల్డ్‌మన్ అన్నది అని రాస్తే ఆవిడకూ గోడ మీద పిల్లికీ ఒకే క్రియ అవుతుంది. అన్నారు అని రాస్తే మగవాళ్లకు లేని మర్యాద ఆవిడకు ఇచ్చినట్టవుతుంది. అందరికీ 'అన్నారు' అని రాస్తే దొరల సభలా ఉంటుంది. ఏ పెత్తనమూ వద్దన్నవారి గురించి రాయడానికి ఇంతకంటే ఇబ్బందికరమైన వ్యాకరణం ఇంకొకటి ఉంటుందా?

పెరంబూరు_పద్మ
నేను అందరికీ 'అంటారు' పెట్టాను. దొరల సభే కానివ్వండి, అందరూ దొరలైతే దొర అన్న మాటకు అర్థం ఉండదు.

ఎర్రట్ట_పుస్తకం
ఈ వేదికకు నిర్వాహకుడు ఉన్నాడన్న సంగతి ఎవరైనా బకూనిన్‌కు చెప్పారా?

వేదిక_కాపలా
నేను చెప్పుల విషయంలో మాత్రమే పెత్తనం చేస్తాను. విషయం మీద ఉండండి.

అడంగల్
మాది చిత్తూరు జిల్లా. రెవెన్యూలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత కొడుకు దగ్గర మేడవాక్కంలో ఉంటున్నాను. ఫ్రెంచి నాకు రాదు, కానీ ఒక విషయంలో సాయపడగలను. ప్రూధోఁ 'ఆస్తి దొంగతనం' అన్నాడని అందరూ చెబుతారు. అదే పుస్తకంలో ఆయన ఆస్తినీ, స్వాధీనాన్నీ వేరు చేశాడు. దున్నుకునేవాడి చేతిలో ఉన్న నేల మీద ఆయనకు పేచీ లేదు, ఎక్కడో కూర్చుని కౌలు తినే హక్కు మీదనే పేచీ. నేను చదివిన రెండు తెలుగు వ్యాసాల్లో 'ప్రైవేటు ఆస్తి', 'వ్యక్తిగత ఆస్తి' అని ఏవో రాశారు, చదివితే తేడా అంతుబట్టలేదు. మన అడంగల్, అంటే ఊరి భూముల లెక్కల పుస్తకం, తీసి చూడండి. ఒక గడిలో పట్టాదారు పేరు, ఇంకొక గడిలో అనుభవదారు పేరు. పట్టా ఒకరిది, అనుభవం ఒకరిది. నేను ముప్పై ఏళ్లు రాసిన తగాదాలన్నీ ఆ రెండు గళ్ల మధ్యవే. 'పట్టా దొంగతనం, అనుభవం న్యాయం' అంటే మా ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్న ప్రతివాడికీ అర్థమవుతుంది, సగం మంది కొట్టుకుంటారు కూడా.

తిరువల్లిక్కేణి_వాసి
అడంగల్ గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు ఈ ఒక్క జవాబు చాలు. స్వాధీనం అన్న చోటల్లా 'అనుభవం' అని మార్చుకుంటున్నాను. వెతికించి ఒక్క మీటతో మాత్రం కాదు.

సందేహాలరావు
'అనుభవం' అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఉద్యోగ ప్రకటన. 'అనుభవహక్కు' అనండి.

అడంగల్
హక్కు అని తగిలిస్తే అది మళ్లీ పట్టా వైపు నడుస్తుంది. ఆలోచించి చూడండి.

ప్రూఫుల_పంతులు
పేర్ల విషయంలో ఒక చిన్న మాట. క్రొపోట్కిన్ 1892 నాటి ఫ్రెంచి పుస్తకం 'లా కొంకెత్ దు పాన్' (రొట్టెను గెలుచుకోవడం) పేరులోని 'పాన్' అంటే రొట్టె, దాన్ని తెలుగు చేయడమే ఇబ్బంది. 1909లో జపనీస్‌లోకి మార్చిన కోటోకు షుసుయికి ఆ ఇబ్బంది రాలేదు, పోర్చుగీసువారు వదిలి వెళ్లిన 'పాన్' అన్న మాటే జపనీస్‌లోనూ రొట్టె. (ఆయన్ను 1911లో రాజద్రోహ నేరం మోపి ఉరితీశారు, అది వేరే కథ.) మనం 'రొట్టె' అని రాస్తే జ్వరం వచ్చినవాడి పథ్యం గుర్తొస్తుంది. అన్నం అంటే సరిపోతుంది. నాకైతే 'కూడు' ఇష్టం. కూడు, గుడ్డ, గూడు అన్నప్పుడు వచ్చే కూడు.

మైలాపూరు_మామ్మ
కూడు అన్నది ఇవాళ తిట్టులో తప్ప వినపడదు. ప్రూధోఁకు పనికొస్తుందేమో, క్రొపోట్కిన్‌కు వద్దు.

ఫాంటు_వైద్యుడు
వాసి గారి రెండో ప్రశ్నను అందరూ మరిచిపోయారు. అను ఫాంట్లలో చేసిన పేజ్‌మేకర్ ఫైలు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచదు, ముక్కల బొమ్మలుగా దాచుతుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఒక్కొక్క ముక్కకూ ఒక ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఫాంటు లేకపోతే మీకు కనిపించేది ఆ గుర్తులే. ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి, కానీ క్రారవడి ('క్ర'లో ఉండే ర ఒత్తు) వచ్చిన చోట అవి తడబడతాయి, ఎందుకంటే కంటికి అది హల్లు కంటే ముందు కనిపిస్తుంది, రాతలో హల్లు తర్వాత రావాలి. కాబట్టి మీ వ్యాసంలో మొదట పాడయ్యేది క్రొపోట్కిన్ పేరే.

నా సలహా ఇది. పాత కంప్యూటరు ఎక్కడైనా దొరికితే అందులో ఆ ఫాంటు పెట్టి, ముందుగా పుటలన్నీ కంటికి కనిపించినట్టే పీడీఎఫ్‌గా తీయండి. ఆ బొమ్మను పక్కన పెట్టుకుని, మార్పిడి చేసిన పాఠాన్ని మాట మాటకూ సరిచూడండి. పాత ఫైలును మాత్రం పారేయకండి. ఆమ్‌స్టర్‌డామ్ సామాజిక చరిత్ర సంస్థ 2000లో బకూనిన్ సమగ్ర రచనలను సీడీ మీద విడుదల చేసింది. అప్పట్లో అది శాశ్వతమనుకున్నారు. ఇవాళ మా ఇంట్లో ఆ పళ్లెం తిప్పే పెట్టె ఒక్కటీ లేదు.

ఇంకొకటి, ఇది ఎవరూ గమనించరు. 'గోల్డ్‌మన్' అని పొల్లు నిలిపి రాయాలంటే డకూ మకూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పెడతాం. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా రాస్తే ఆ రెండు పేర్లు కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. మీ సంగ్రహంలో సగం వ్యాసాలు వెతుకులాటలో దొరకవు. పేర్ల పట్టిక ఒకటి పెట్టుకుని అందరూ ఒకేలా రాయండి.

సందేహాలరావు
ఎమ్మా గోల్డ్‌మన్‌ను వెతికి పట్టుకోలేకపోవడం ఆవిడ వెంట తిరిగిన పోలీసులకు కూడా అలవాటే.

పెరంబూరు_పద్మ
నేను గ్రంథాలయంలో పనిచేస్తాను, కాబట్టి దాచడం గురించి నాలుగు మాటలు. ఈ రచనలు మనదాకా వచ్చాయంటే అందులో మాక్స్ నెట్లౌ అనే ఒక ఆస్ట్రియన్ మొండితనం చాలా ఉంది. కరపత్రాలు, ఉత్తరాలు, రాతప్రతులు, ఆఖరికి సభల ప్రకటన కాగితాలు కూడా ఏరి దాచేవాడు. బకూనిన్ జీవితచరిత్రను అచ్చు వేసే ప్రచురణకర్త లేకపోతే, తన చేతిరాతతోనే 50 ప్రతులు తీసి పెద్ద గ్రంథాలయాలకు చేర్చాడు. ముసలితనంలో డబ్బుకు కటకటపడి 1935లో ఆ సంగ్రహాన్ని ఆమ్‌స్టర్‌డామ్ సంస్థకు అమ్మాడు. 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెడుతున్న రోజుల్లో ఆ సంస్థ గ్రంథపాలకురాలు ఆనీ ఆడామా వాన్ షెల్టెమా వియన్నా వెళ్లి బకూనిన్ రాతప్రతులను సరిహద్దు దాటించింది. మా వృత్తిలో అందరూ ఆవిడ పేరు తెలుసుకోవాలని నా కోరిక.

వాసి గారికి ఒక ఓదార్పు కూడా. మీరు తెలుగు చేసిన 'దేవుడు - రాజ్యం' అన్న పేరు బకూనిన్ పెట్టింది కాదు. ఆయన 1876లో పోయాక ఆ కాగితాలు దొరికితే, కార్లో కాఫియెరో, ఎలిజే రెక్లూ 1882లో అచ్చు వేస్తూ పేరు పెట్టారు, ఫ్రెంచి ఇంకా సొగసుగా ఉండాలని అక్కడక్కడా వాక్యాలు దిద్దారు కూడా. ప్రాణమిత్రులే దిద్దగా లేనిది, మాసపత్రికవారు దిద్దారని ఏం ఏడుస్తాం? రాతప్రతి నిలిచింది కాబట్టి దిద్దుబాటు బయటపడింది. మీరూ మీ రాతప్రతిని నిలపండి.

తిరువల్లిక్కేణి_వాసి
నిలుపుతాను. ఈ ఊరికి ఒక అప్పు కూడా ఉంది. 1887లో చెన్నైలోనే పుట్టిన ఎం.పి.టి.ఆచార్య, తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి నడిపిన 'ఇండియా' పత్రికలో పనిచేసి, అది 1908లో పుదుచ్చేరి చేరితే తానూ చేరి, అక్కడినుంచి యూరప్ పోయి, 1920లో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినవారిలో ఒకడై, బోల్షెవిక్కులతో పొసగక బెర్లిన్‌లో అరాజకవాదిగా మారాడు. 1935లో బొంబాయి తిరిగివచ్చి 1954లో అక్కడే పోయాడు. ఆయన వ్యాసాలు ఎన్నో దేశాల చిన్నచిన్న పత్రికల్లో చెల్లాచెదురై, 2019లో గాని ఇంగ్లీషులో ఒక సంపుటంగా రాలేదు. మన జాబితాలో బకూనిన్ తర్వాతి పేరు ఆయనదే ఉండాలి.

ఎర్రట్ట_పుస్తకం
'బోల్షెవిక్కులతో పొసగక' అన్న రెండు ముక్కల్లో ఒక పెద్ద తగాదాను దాటేశారు. సరే, ఇవాళ్టికి వదిలేస్తున్నాను.

నల్లకోటు
హక్కుల విషయం ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. బకూనిన్, 1921లో పోయిన క్రొపోట్కిన్, 1932లో పోయిన మలటెస్టా, 1940లో పోయిన గోల్డ్‌మన్ అందరూ స్వేచ్ఛాజీవులే. ఆచార్య బతికుండగా అచ్చయినవి 2015 మొదలు స్వేచ్ఛగా ఉన్నాయి. అయితే మీరు చేతిలో పెట్టుకుని తెలుగు చేస్తున్న ఇంగ్లీషు అనువాదం కొత్తదైతే దాని హక్కు వేరు. బకూనిన్‌కు బెంజమిన్ టక్కర్ చేసిన 1883 నాటి ఇంగ్లీషు వాడుకోండి, ఆయన 1939లోనే పోయాడు. మీ తెలుగు అనువాదం మీద హక్కు మీదే, దాన్ని వదులుకోదలిస్తే ఆ మాట పుస్తకంలోనే రాయండి. ఆస్తి దొంగతనమని నమ్మినా కాగితం మీద రాసి ఉంటే మంచిది.

సైదాపేట_శీను
చాలా రోజులుగా చదువుతున్నాను, ఇదే మొదటిసారి రాయడం. మా నాన్నగారు రాయపేటలో ఒక తెలుగు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. 1970ల్లో క్రొపోట్కిన్ 'యువకులకు విజ్ఞప్తి'ని హైండ్‌మన్ ఇంగ్లీషు నుంచి ఒక లాంగ్ నోటుబుక్కులో తెలుగు చేశారు. అచ్చు కాలేదు. ఆయన పోయాక నోటుబుక్కు బీరువా కింది అరలో ఉండిపోయింది. 2015 డిసెంబరు 1 రాత్రి అడయారు పొంగి మా ఇంట్లోకి మోకాటి దాకా నీళ్లు వచ్చాయి. మూడో రోజు బీరువా తెరిచి, పుటల మధ్య పాత దినపత్రికలు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాను. చాలావరకు చదవడానికి వస్తోంది. అయితే ప్రతి పుటలోనూ అక్కడక్కడా నీలి మరకలున్నాయి. అన్నింటికంటే 9వ పుటలోది పెద్దది. దీన్ని ఎలా దాచాలి, ఎవరికి ఇవ్వాలి?

పెరంబూరు_పద్మ
దినపత్రికలు ఎందుకు పెట్టావయ్యా! ఆ సిరా తిరగబడి అంటుకుని ఉంటుంది. ఇకమీదట ఏమీ రాయని తెల్లకాగితం పెట్టు. ముందుగా రంగుల్లోనే, అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో స్కాను చెయ్యి, ఫోనుతో వద్దు. కుట్టు విప్పకు. 9వ పుటలో ఏముంది?

సైదాపేట_శీను
డాక్టరు కాబోయే యువకుడికి చెప్పే భాగం. ఒక పనివాడు వచ్చి జబ్బుమనిషిని చూడమని పిలుచుకుపోతాడు. సందు ఎంత ఇరుకంటే ఎదురెదురు ఇళ్లవాళ్లు చేతులు కలుపుకోవచ్చు. నాన్న పక్కన పెన్సిలుతో 'గోవిందప్ప నాయకన్ వీధి వెనక' అని రాసుకున్నారు. పైకి వెళ్లి చూస్తే, జబ్బుకు కారణం తిండి లేకపోవడం, గాలి లేకపోవడం. ఏం మందు రాస్తావు డాక్టరూ, రోజూ మంచి ___ తినమంటావా, పల్లెటూరిలో షికారు చేయమంటావా అని క్రొపోట్కిన్ ఎత్తిపొడుస్తాడు. ఆ ఖాళీ దగ్గర మరక. మరక కింద ఏదో మాట ఉన్నట్టుంది.

ప్రూఫుల_పంతులు
ఇంగ్లీషులో అక్కడ ఉన్నది బీఫ్‌స్టీక్. మీ నాన్నగారు దేనితో రాసేవారు?

సైదాపేట_శీను
రాసేది బాల్‌పెన్నుతో, దిద్దేది ఫౌంటెన్ పెన్నుతో. ఆఫీసు అలవాటు.

ప్రూఫుల_పంతులు
అయితే ఆ మరకలు మరకలు కావు, దిద్దుబాట్లు. బాల్‌పెన్ను సిరాలో నూనె ఉంటుంది, నీటికి చెదరదు. ఫౌంటెన్ సిరా కరిగిపోయింది. వరద మీ నాన్నగారి రెండో ఆలోచనలన్నింటినీ కడిగేసి, మొదటి చిత్తును మిగిల్చింది.

పెరంబూరు_పద్మ
పంతులు గారు చెప్పింది నిజం. శీనూ, స్కాను చేసిన బొమ్మలో ఎరుపు వన్నె ఒక్కటే విడదీసి చూడు, వెలిసిపోయిన నీలం అందులో నల్లగా తేలుతుంది. గదిలో లైటు ఆర్పి, టార్చిని కాగితానికి పక్కవాటుగా పెట్టి కూడా చూడు. పాళీ గీసిన గాటు కనిపిస్తుంది.

సైదాపేట_శీను
చూశాను. బాల్‌పెన్నుతో 'గొడ్డుమాంసం' అని ఉంది. దాని మీద అడ్డంగా పాళీ గాటు, రెండుసార్లు. పైన, ఎరుపు వన్నెలో చూస్తే, 'పాలూ గుడ్లూ'.

ఎర్రట్ట_పుస్తకం
మూలంలో ఉన్నది మొదటిదే. అదే అచ్చు వేయాలి. రెండోది భయం.

మైలాపూరు_మామ్మ
రచయిత కొట్టేసిన మాటను మనం ఎత్తి పెట్టడం కూడా పెత్తనమే. ఆయన ఆఖరి పాఠం పాలూ గుడ్లూ.

సందేహాలరావు
సందును గోవిందప్ప నాయకన్ వీధికి తెచ్చిన మనిషి తిండిని కూడా ఈ ఊరికి తెచ్చాడేమో. భయమే అని ఎందుకు అనుకోవాలి?

సైదాపేట_శీను
అమ్మను అడిగాను. పుస్తకం వేస్తానని ఒప్పుకున్నాయన ఆ ఒక్క మాట తీసేయమన్నాడట. తీసేసి నాన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ తర్వాత ఆ ఒప్పుకున్నాయన పుస్తకమూ వేయలేదు.

నల్లకోటు
అచ్చు కాని రచన కాబట్టి హక్కు మీ అమ్మగారిదీ మీదీ. ఏ పాఠం వేయాలన్నది కూడా మీరే తేల్చుకోవాలి.

తిరువల్లిక్కేణి_వాసి
శీను గారూ, తేల్చకండి. స్కానుల్లో రెండూ ఉంచుదాం, పాఠంలో 'పాలూ గుడ్లూ' వేసి, దాని కింద కొట్టివేసిన మాటను గీతతో సహా చూపిద్దాం. అమ్మగారు చెప్పింది కూడా ఆమె మాటల్లోనే రాసి తేదీ వేయండి. మిగిలిన మరకలు ఎన్ని ఉన్నాయి?

సైదాపేట_శీను
లెక్కపెట్టాను. 112. ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను, టార్చి ఒకటే ఉంది.

పెరంబూరు_పద్మ
స్కానరూ, తెల్లకాగితాలూ నేను తెస్తాను. అడంగల్ గారిని కూడా పిలవండి, చెరిగిపోయిన రాత చదవడం ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం.

అడంగల్
పట్టా లేదు గానీ అనుభవం ఉంది. వస్తాను.